జీరో టికెట్టు

ముప్పై ఒక్క ఏండ్లు అచ్చంపేట డిపోల టికెట్లు కొట్టిన.
ఇప్పుడు వారానికి మూడు దినాలు
నా రక్తమే బస్సెక్కుతది,
పైపులెంబడి పోయి, మిషను చుట్టు తిరిగి
నాలుగు గంటలకు మళ్ళ నా కాడికే వస్తది.

పక్క బెడ్డు జహంగీరు మస్కట్‌ల తాపీ పని చేసి వచ్చిండు.
"ఆడ పానం బాగలేదంటే
ముందుగాల బతాకా చూస్తరు మామా.
బతాకా మీద పేరు మనది,
మాట కఫీలుది" అంటడు.
కిడ్నీలు పోయినయని తెలిసిన నెలకే
ఆయనకు రిటర్న్ టికెట్టు కొట్టిన్రు.

ఫిలోమెన సిస్టరు జర్మనీ పోవాల్నని
మందుల ట్రాలీ మీద పుస్తకం పెట్టి గొణుగుతది.
నొప్పిని ఆ భాషల ఏమంటరో
సూది గుచ్చుకుంటనే చెప్పింది: ష్మెర్ట్స్.
"పేరే నొప్పిగున్నది" అన్నడు జహంగీరు.

నాకు దేశాలు తెల్వవు, స్టేజీలు తెలుసు.
ఆమె ఒక్కో దేశం చెప్తుంటే
ఒక్కో రూటు కింద రాసుకున్న.
జర్మనీల జీతంలకెల్లే కోత,
సగం కూలోనిది, సగం సేటుది. అది మంత్లీ పాసు.
ఇంగ్లండుల అందరికి జీరో టికెట్టే,
కాని ఒక మోకాలు మార్చుకోను
స్టేజీ కాడ నిలబడి నిలబడి రెండోది పోతది.
కెనడాల డాక్టరు ఉత్తగనే చూస్తడంట,
మందుల షాపుకు చిల్లర చానమంది ఇంటికెల్లే తెచ్చుకోవాలె.
జపాన్‌ల పదిల మూడు వంతులు నీయి,
ఛార్జీ మాత్రం ఏ దవాఖానకు పోయినా ఒక్కటే.
థాయ్‌లాండుల ముప్పై బాట్లిచ్చి ఎక్కితే
నడిమిట్ల దించరంట.

అమెరికా అడిగిన.
"అది సూపర్ లగ్జరీ తాతా.
ముసలోళ్ళకు, పేదోళ్ళకు కొన్ని సీట్లున్నయి.
మిగిలినోళ్ళకు ఛార్జీ ఎంతో
దిగినంక తెలుస్తది."
ఆగి, మళ్ళ తనే అన్నది:
"కిడ్నీలు పోయినోళ్ళకు మాత్రం
చానమందికి వయసు చూడకుండ సర్కారే పెడ్తదంట."
జహంగీరు, నేను మొఖాలు చూసుకున్నం.
మన జబ్బుకు ఆడ సీటున్నది!

మరి మనది?
మనకు కార్డున్నది, మిషనుకు పైస పెట్టం.
నాకైతే తార్నాకల ఆర్టీసీ దవాఖాన గూడ ఉన్నది,
వారానికి మూడుసార్లు ఆడిదాక నా నడుమే రాదు.
మూడో బెడ్డు కేతావత్ సోమ్లిది.
అమ్రాబాదు అవుతల తండా.
మిషను ఉత్తగ, బస్సు ఉత్తగ,
తోడొచ్చే కొడుక్కు మాత్రం రానుపోను ఛార్జీ,
ఆ దినం కూలి పోయె.
దీన్ని ఏ రూటుల రాయాల్నో సమజ్ కాలె.

మొన్న శుక్రారం ఆమె రాలె.
బెడ్డు మీది దుప్పటి ముడత పడలె.
మన్ననూరు ఘాట్ల బస్సు ఖరాబైందన్నరు.
ఒక చేతిల సూదులు, ఇంకో చేత్తోని
డిపోల బక్కయ్యకు ఫోను కొట్టిన.
"రెండో బండి పెట్టిన్రా?"
"డ్రైవరు లేడన్నా."
ఈ మాట నేను గూడ ఎంతమందికి చెప్పిన్నో.
రోడ్డు మీద దిగినోళ్ళు ఏమైన్రో
ఏనాడు అడగలె.

పన్నెండింటికొచ్చింది,
పల్లికాయ బస్తాల డీసీఎం ఎనక కూసొని.
కాళ్ళు ఉబ్బినయి, చెప్పులు కొడుకు చేతిల ఉన్నయి.
ఫిలోమెన డ్యూటీ దిగింది అప్పటికే.
భుజానికేసిన బ్యాగు మళ్ళ దించింది.
ఆ నాలుగు గంటలు ఏ దేశంల
ఏ పద్దుల రాస్తరో.

సోమ్లి పిడికిట్ల
చెమటకు నానిన పొద్దటి టికెట్టు.
ఇంకెందుకని ముద్ద చేసి పారెయ్యబోయింది.
వద్దన్న.
సున్నా ఉన్నది గదా అని చింపకు.
నువ్వు ఎక్కినవని లెక్కల ఉండాలె.
దిగాల్సిన కాడ దిగలేదని గూడ.